పసుపు గ్రూపు, చెరుకు గ్రూపు

ఒకే జిల్లా, అవే ఫోన్లు, అవే వాట్సాప్ గ్రూపులు. ఆర్మూర్ వైపు అవి బేరానికి అక్కరకొచ్చాయి. బోధన్ వైపు ఎందుకు రాలేదు?

సంక్రాంతి దాటిందంటే నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు రావడం మొదలవుతుంది. అప్పటినుంచి ఎండలు ముదిరేదాకా ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్, కమ్మర్‌పల్లి ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్రశ్న ఒకటే. ఇయ్యాల కాడి (పసుపు కొమ్ము) ఎంత పోయింది, గోళ (గుండ్రటి దుంప) ఎంత పోయింది? యార్డులో కుప్ప పోసుకుని కూర్చున్న రైతు తన తక్‌పట్టీని, అంటే అమ్మకపు చీటీని, ఫోటో తీసి పెడతాడు. మహారాష్ట్రకు లారీ ఎత్తినాయన సాంగ్లీ ధర చెబుతాడు. కొంచెం తెలిసిన పిలగాడెవరో వాయిదా మార్కెట్ తెర మీది అంకెను పట్టుకొస్తాడు. ఎన్‌సీడీఈఎక్స్ సరుకుల ఎక్స్ఛేంజీలో పసుపు వాయిదా కాంట్రాక్టులకు ఆధార కేంద్రం నిజామాబాదే. కాబట్టి ముంబైలో కదిలే ఆ అంకె ఈ ఊళ్లకు పరాయిదేమీ కాదు.

నిజామాబాద్‌కు పడమట పాతిక కిలోమీటర్లు పోతే బోధన్. ఆ వైపు, వర్ని, కోటగిరి, రుద్రూర్ గ్రూపుల్లో చెరుకు రేటు అడిగేవాళ్లు కనపడరు. అక్కడ తిరిగేవి వేరే. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ పాత ఫోటోలు, క్వార్టర్ల ముందు నిలబడ్డ కుటుంబాలు, ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారన్న వార్త కటింగు, దాని కింద కొన్ని దండాలు, కొన్ని వెటకారపు నవ్వులు. రిటైరైన ఫలానా సెక్షన్ ఆయన పోయాడన్న కబురు.

ఇలాంటి గ్రూపులు ఎందుకు నిలుస్తాయి, ఎందుకు చెదురుతాయి అన్నది సమాచార వ్యవస్థల పరిశోధకులు పాతికేళ్లుగా తవ్వుతున్న విషయం. 2001లో బ్రయన్ బట్లర్ ‘ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ రీసెర్చ్’ పత్రికలో రాసిన వ్యాసం ఆ దారిలో ఒక మైలురాయి. సభ్యులు పెరిగితే గ్రూపులో దొరికే సరుకు పెరిగి కొత్తవాళ్లు వస్తారు. కానీ అదే పెరుగుదల రొదను కూడా పెంచి ఉన్నవాళ్లను తరిమేస్తుంది. ఎదగడానికి కారణమైందే చెదరడానికీ కారణమవుతుందని ఆయన లెక్కలు తేల్చాయి. 2006లో యాకోబ్ నీల్సన్ ఇంకో మాట అన్నాడు. వందమందిలో తొంభైమంది చూసి ఊరుకుంటారు, తొమ్మిదిమంది అప్పుడప్పుడు నోరు విప్పుతారు, మిగిలిన ఒక్కడే రోజూ రాస్తాడు. ఊరి గ్రూపులో ఆ ఒక్కడెవరో ఎవరినీ అడగక్కర్లేదు. పొద్దున ఐదింటికే గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టేది ఆయనే.

ఈ పరిశోధనల్లో చాలా భాగం గ్రూపు లోపలికే చూస్తుంది. సభ్యులెందరు, నియమాలేమిటి, కొత్తవాడిని ఎలా కలుపుకోవాలి, అల్లరివాడిని ఎలా ఆపాలి. అవన్నీ అవసరమే. కానీ నిజామాబాద్ జిల్లాను కాస్త నిదానంగా చూస్తే ముందు అడగాల్సిన ప్రశ్న గ్రూపు బయట ఉందనిపిస్తుంది. ఆ సభ్యుడి చేతిలో ఉన్న సరుకేమిటి? దాన్ని ఎన్నాళ్లు ఆపుకోగలడు? ఎక్కడిదాకా మోసుకుపోగలడు?

సెల్‌ఫోన్‌కూ ధరకూ ఉన్న సంబంధం మీద ప్రపంచమంతా చెప్పుకునే కథ మన దక్షిణాదిలోనే, కేరళలో జరిగింది. 1997 నుంచి 2001 మధ్య ఉత్తర కేరళ తీరానికి సెల్ టవర్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త అక్కడి కవ్వళ్ల (మత్తి చేపల) వేటగాళ్ల లెక్కలు రాసుకున్నాడు. ఫోన్ రాకముందు ఒక రేవులో కొనేవాడు లేక చేపలను సముద్రంలో పారబోస్తుంటే, పదిహేను కిలోమీటర్ల అవతలి రేవులో చేపలు దొరక్క కొనేవాళ్లు వట్టి చేతులతో తిరిగిపోయేవారు. ఫోన్ వచ్చాక పడవలు ఏ రేవుకు పోవాలో సముద్రంలోనే తేల్చుకున్నాయి. పారబోత దాదాపు ఆగిపోయింది. వేటగాడి లాభం 8 శాతం పెరిగింది, కొనేవాడి ధర 4 శాతం తగ్గింది. 2007లో ఈ వ్యాసం వెలువడినప్పటి నుంచి, రైతు చేతికి ధర సమాచారం ఇస్తే చాలు బాగుపడతాడన్న నమ్మకం ప్రభుత్వాల్లోనూ కంపెనీల్లోనూ పాతుకుపోయింది.

ఆ నమ్మకానికి దెబ్బ కూడా పక్క రాష్ట్రంలోనే తగిలింది. మహారాష్ట్రలో వంద గ్రామాల్లో రైతుల ఫోన్లకు రోజూ ధరలు, వాతావరణం, పంటల సలహాలు ఎస్సెమ్మెస్‌లుగా పంపి చూశారు మార్సెల్ ఫాఫ్‌షాంప్స్, బార్ట్ మింటెన్. 2012లో అచ్చయిన వాళ్ల ఫలితం చప్పగా ఉంది. రైతుకు దక్కిన ధరలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. చేప వేటగాడికి పడవ తిప్పే వీలుంది. అప్పిచ్చిన అడ్తిదారు దగ్గరే అమ్మాల్సిన రైతుకు పక్క మార్కెట్ ధర తెలిస్తే ఏమవుతుంది? కడుపుమంట తప్ప.

ఇప్పుడు పసుపుకు రండి. తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టాక నెలల తరబడి నిలవుంటుంది. ఈ వారం ధర నచ్చకపోతే ఇంట్లోనో కోల్డ్ స్టోరేజీలోనో పెట్టుకోవచ్చు. నలుగురు కలిస్తే లారీ మాట్లాడుకుని సాంగ్లీకి ఎత్తొచ్చు. నిజామాబాద్ పసుపు రైతులు దశాబ్దాలుగా ఆ పని చేస్తూనే ఉన్నారు. అంటే పసుపు రైతుకు పడవ తిప్పే వీలు కొంతైనా ఉంది. అందుకే అతని ఫోన్లో అంకెకు విలువ.

చెరుకు అలా కాదు. కొట్టిన గడను ఒక రోజులోగా గానుగలో పెట్టకపోతే లోపలి చక్కెర విరిగిపోతుంది, తూకమూ తగ్గుతుంది. పొలానికీ ఫ్యాక్టరీకీ మధ్య దూరమే దాని బతుకు. ధర బేరంలో తేలేది కాదు. 2009 నుంచి కేంద్రం ప్రకటించే ఎఫ్‌ఆర్‌పీ అనే కనీస ధరే మొదటి మాట. ఏ ఊరి చెరుకు ఏ మిల్లుకు పోవాలో కూడా చట్టం ప్రకారం కేటాయింపు ఉంటుంది. పద్నాలుగు రోజుల్లో డబ్బు చెల్లించాలని 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. ఆ పద్నాలుగు రోజులు ఎన్ని నెలలయ్యేవో చెరుకు పండించిన ఇళ్లలో అడగాలి. ఇలాంటి పంట వేసినవాడికి రేటు గ్రూపుతో పనేముంది? అతనికి కావలసింది గట్టిగా అడిగే గొంతు, అడిగితే జవాబు చెప్పే గేటు. 2015 డిసెంబరులో ఆ గేటు మూతపడింది.

బోధన్ కథ తెలియనివారికి నాలుగు మాటలు చెప్పాలి. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు లేకపోతే ఆ చెరుకు లేదు. ఆ నీళ్లను నమ్మే 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. దాని చుట్టూ వెలసిన ఊరే శక్కర్‌నగర్. నీళ్లూ ఫ్యాక్టరీ చూసి కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు చుట్టూ క్యాంపులు కట్టుకున్నారు. నేటికీ ఆ ఊళ్ల పేర్ల చివర క్యాంపు ఉంటుంది. 2002లో ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు కంపెనీకి ఇచ్చింది. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంభోజిపల్లి యూనిట్లు మూడూ లేఆఫ్‌తో ఆగిపోయాయి. సారంగాపూర్ సహకార ఫ్యాక్టరీ అంతకుముందే మూతపడింది. చెరుకు పొలాలు వరి మళ్లయ్యాయి. కార్మికుల పిల్లలు హైదరాబాద్‌కో గల్ఫ్‌కో పోయారు.

కాబట్టి శక్కర్‌నగర్ గ్రూపులు బేరం చేయలేకపోవడం వాటి తప్పు కాదు. బేరమాడటానికి ఎదుట మనిషి లేడు. పసుపు గ్రూపుకు యార్డు ఉంది, రోజూ పడే రాశి ఉంది. చెరుకు గ్రూపుకు మిగిలింది జ్ఞాపకమూ వినతిపత్రమూ.

పసుపు వైపు అంతా సవ్యంగా ఉందని కాదు. 2016 ఏప్రిల్ 14న ఇ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ మార్కెట్ మొదలైనప్పుడు దేశంలో ఎంచుకున్న తొలి 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. గేటు దగ్గర లాట్ నంబరు, వ్యాపారి తన ఫోన్లోనో కంప్యూటర్‌లోనో ధర వేయడం, ఒకరు వేసింది మరొకరికి తెలియకపోవడం, గెలిచిన ధర రైతు ఫోన్‌కు రావడం. ఈ అమలుకే 2017లో జిల్లాకు ప్రధానమంత్రి పురస్కారం దక్కింది. ఇలాంటి పద్ధతి పనిచేస్తుందనడానికి కర్ణాటకలో ఆధారం ఉంది. అక్కడి ఏకీకృత మార్కెట్ వేదిక మీద జరిగిన అధ్యయనం 2020లో అచ్చయింది. వడ్లకు 5.1 శాతం, వేరుశనగకు 3.6 శాతం, మక్కలకు 3.5 శాతం ధర పెరిగిందని తేల్చింది. అయితే పసుపు వడ్ల లాంటిది కాదు. కాడిని చేత్తో విరిచి, లోపలి రంగు చూసి, తేమ అంచనా కట్టి గానీ వ్యాపారి మనసు విప్పడు. ఎరోడ్‌లోనో సాంగ్లీలోనో కూర్చున్నవాడు తెర మీద చూసి ఇక్కడి రాశికి ధర వేయాలంటే, కుర్కుమిన్ ఎంతో తేమ ఎంతో నమ్మకంగా రాసిచ్చే ప్రయోగశాల గేటు దగ్గరే ఉండాలి. అదొక్కటీ సరిగ్గా కుదిరితే ఎన్ని యాప్‌లు తెచ్చినా రాని మేలు జరుగుతుంది. వ్యాపారులు సిండికేటయ్యారన్న ఫిర్యాదు ప్రతి సీజన్‌లో వినిపిస్తూనే ఉంది. యంత్రం వచ్చినా కొనేవాళ్లు పాతవాళ్లే కదా.

ఇక 2019. ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర జాతీయ రహదారుల మీద రైతులు కూర్చున్నారు. పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇవ్వాలన్నది వాళ్ల పట్టు. పసుపు బోర్డు పాత డిమాండే. లోక్‌సభ ఎన్నికలకు మార్చి 18 నుంచి 25 దాకా నామినేషన్ల గడువు. ఆ వారంలో రైతులు గుంపులుగా నామినేషన్లు వేయడం దేశమంతా చూసింది. చివరికి నిజామాబాద్ బరిలో 185 మంది మిగిలారు. వారిలో 178 మంది రైతులు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు పదహారు పేర్లే పడతాయి కనుక, నోటాతో కలిపి పోలింగ్ కేంద్రానికి పన్నెండేసి యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఏప్రిల్ 11న ఓటేయడానికి పోయినవాళ్లు తమ గుర్తు వెతుక్కోవడానికి బల్ల చుట్టూ నడిచారు.

దీన్ని వాట్సాప్ విప్లవమని రాసినవాళ్లు లేకపోలేదు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. ఎందుకంటే 1996లో నల్లగొండలో 480 మంది లోక్‌సభకు పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన ఊళ్ల తరఫున జల సాధన సమితి చేయించిన పని అది. అప్పుడు ఊళ్లలో సెల్‌ఫోన్లే లేవు. అదే ఏడాది తమిళనాడులో, ఎరోడ్ దగ్గరి మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది బరిలో నిలిచారు. వాళ్లూ రైతులే, అదీ పసుపు నేలే. ఆ దెబ్బకే లోక్‌సభకు 500 రూపాయల డిపాజిట్ 10,000 అయింది, తర్వాత 25,000 అయింది. స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు కావాలన్న నిబంధన వచ్చింది. ఇంత మంది ఇక ఎన్నటికీ నిలబడకూడదనే కట్టిన గోడ అది. నిజామాబాద్ రైతులు ఆ గోడ దాటారు. పూర్తి డిపాజిట్ లెక్కన 178 మందికి 44 లక్షల 50 వేల రూపాయలు. ఆ డబ్బూ, ఆ సంతకాలూ గ్రూపులో మెసేజీ పెడితే రాలవు.

అవి ఊళ్లలో పుట్టాయి. ఈ జిల్లాలో ఊరూరా గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి. వీడీసీ అంటే చాలు ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. చట్టం వాటికి ఏ అధికారమూ ఇవ్వలేదు. అయినా గుడి, బడి, చెరువు, ఇసుక, మద్యం, అన్నింట్లో వాటి మాట నడుస్తుంది. కుల సంఘాల నుంచి పెద్దలుంటారు. ఇంటికింత అని వేస్తే ఇవ్వక తప్పదు. ఎకరాలను బట్టి చందా రాసే అలవాటూ, మాట తప్పినవాడి ఇల్లు ఎక్కడుందో తెలిసి ఉండటమూ ఇక్కడ ఫోన్ కంటే చాలా పాతవి. ఎవరు ఏ రోజు ఏ కాగితాలతో కలెక్టరేట్‌కు రావాలన్న కబురు మోయడానికి ఫోన్ పనికొచ్చింది. నువ్వు వేస్తే నేనూ వేస్తానన్న పూచీ మాత్రం ఎదురెదురుగా కూర్చుని ఇచ్చుకున్నదే.

అవే వీడీసీలు జరిమానాలు వేశాయి. మాట వినని కులవృత్తుల వాళ్లను, దళిత కుటుంబాలను వెలివేశాయి. పోలీసు కేసులయ్యాయి. కిరాణా కొట్టులో సరుకు ఇవ్వొద్దని, ఆటో ఎక్కించుకోవద్దని, మాట్లాడితే జరిమానా అని హుకుం. కట్టుబాటు గట్టిగా ఉన్నచోటే గ్రూపు నిలుస్తుందని చెప్పేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టి చెప్పడం నిజాయితీ కాదు. ఉమ్మడి వనరులను జనమే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని 1990లో రాసి, 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ కూడా ఒక షరతు పెట్టింది. నియమాలకు లోబడేవాళ్లకు వాటిని మార్చే హక్కుండాలి. వీడీసీలో ఆడవాళ్ల గొంతు ఎంత? గ్రూపు అడ్మిన్లలో ఎంతమంది ఆడవాళ్లు? పసుపు తవ్వేది, కాడి విరిచేది, ఉడకబెట్టేది ఎక్కువగా వాళ్లే.

ఫోన్ ఒక్కటే పరిగెత్తి, ఊరి పెద్దరికం వెనకబడితే ఏమవుతుందో కూడా ఈ జిల్లా చూసింది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వీడియోలు తెలంగాణ అంతటా తిరిగాయి. భీమ్‌గల్ మండలంలో ఆ అనుమానానికి ఒక మనిషి ప్రాణం పోయింది. అదే నెలల్లో జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. ఊరికో పోలీసును కేటాయించి, వాళ్ల నంబర్లు ఊరి గ్రూపుల్లో చేర్పించారు. డప్పు వాయించి పాటలు పాడే బృందాలను ఊరూరా తిప్పి, ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఆ జిల్లాలో ప్రాణ నష్టం లేకుండా ఆ ఊపు గడిచిపోయింది. వాట్సాప్ సంస్థ ఒక మెసేజీని ఐదు చోట్లకే పంపేలా మన దేశంలో కట్టడి పెట్టింది ఆ జులైలో.

ఇంకో గ్రూపు ఉంది. దానికి ఊరూ లేదు, యార్డూ లేదు. గల్ఫ్ గ్రూపు. దుబాయిలోనో రియాద్‌లోనో మనిషి పోతే, ఇక్కడి ఇంటికి తెలిసేది చాలాసార్లు కంపెనీ ఫోన్ వల్ల కాదు, పక్క గది వాడు గ్రూపులో పెట్టిన మాట వల్ల. మరణ ధ్రువీకరణ, పోలీసు కాగితం, యజమాని అంగీకారం, ఎంబసీ ఎన్ఓసీ, పాస్‌పోర్టు రద్దు. వరస తప్పితే శవపేటిక వారాల తరబడి అక్కడే. ఈ వరస తెలిసినవాళ్లు ప్రతి దేశంలోనూ నలుగురైదుగురుంటారు. విదేశాంగ శాఖ 2015లో మదద్ అనే పోర్టల్ పెట్టింది, వలస నమోదుకు ఇ-మైగ్రేట్ ఉంది. వాటిలో ఫిర్యాదు రాయగలిగే కొడుకు ఇంట్లో ఉండాలి కదా, ఆ కొడుకే అక్కడ పోయినవాడు. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం ఉత్తర్వు ఇచ్చాక, దరఖాస్తుకు ఏ కాగితాలు జతచేయాలో చాలా ఇళ్లకు చెప్పింది ఈ గ్రూపులే. నా లెక్కలో జిల్లాలో అన్నిటికంటే పనికొచ్చే గ్రూపులివి. కానీ అవి ఒకరిద్దరి ఓపిక మీద నడుస్తాయి. ఆ ఒకరు ఇంటికి తిరిగొస్తే తనకు తెలిసిన దారంతా ఆయనతోనే వచ్చేస్తుంది. ఎక్కడా రాసి ఉండదు.

రాసి ఉండకపోవడం శక్కర్‌నగర్‌కూ జబ్బే. అక్కడి ఫోటోలు ఎనిమిదో తొమ్మిదో ఫోన్లు మారి మసకబారాయి. ఎవరిది, ఏ ఏడు, ఏ సెక్షన్ అన్నది కింద ఉండదు. కొత్త ఫోన్ కొన్నరోజు సగం పోతాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. తెలంగాణ గ్రామాలకు అందులో పేజీలున్నాయి. వాటికి అనుబంధంగా ఫోటోలు ఉచితంగా దాచుకునే కామన్స్ ఉంది. పేరు, ఏడు, చోటు రాసి అందులో పెట్టిన ఫోటో ఫోన్ పోయినా పోదు. ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లలో వివరం చెప్పగలిగేవాళ్లు ఇప్పుడు పెద్ద వయసుల్లో ఉన్నారు. డిగ్రీ కాలేజీ పిల్లలు కొందరు ఫోన్లు పట్టుకుని వాళ్ల పక్కన కూర్చుంటే అయ్యే పని. దానికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు.

ఇక పసుపు రైతులు అడిగిన బోర్డు వచ్చింది. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్‌లో ప్రధాని ప్రకటించారు, 2025 జనవరి 14న బోర్డు మొదలైంది, జూన్ 29న నిజామాబాద్‌లో కేంద్ర కార్యాలయం తెరిచారు. 2019 ఎన్నికల్లో గెలిచిన అభ్యర్థి బోర్డు తెస్తానని రాసిచ్చిన బాండు పేపరు ఫోటో అన్నాళ్లూ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. మాటను మరచిపోనివ్వకుండా పట్టుకుని ఉండటం ఫోన్ చేయగల పనుల్లో ఒకటని ఒప్పుకోవాలి.

బోధన్ ఫ్యాక్టరీ తెరిచే విషయానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం మంత్రుల కమిటీ వేసింది. కానీ అసలు చిక్కుముడి ఫ్యాక్టరీ మీదున్న పాత బాకీల్లోనే లేదు, పొలంలో కూడా ఉంది. చెరుకు నాటాక చేతికి రావడానికి ఏడాది కావాలి. ఫ్యాక్టరీ తెరుస్తారన్న నమ్మకం లేకుండా ఎవరూ నాటరు. నాటిన ఎకరాలు కనపడకుండా ఎవరూ పెట్టుబడి పెట్టరు. ఒక్కడు నాటితే మునుగుతాడు, వెయ్యిమంది నాటితే మిల్లు నడుస్తుంది. 2019లో నామినేషన్ వేసిన రైతులు ఎదుర్కొన్నది కూడా సరిగ్గా ఇదే లెక్క. కాబట్టి బోధన్ వైపు గ్రూపులకు చేయదగిన పని ఒకటుంది. ఊరివారీగా, సర్వే నంబరుతో సహా, ఇంతమంది నాటితే నేనింత నాటుతానని రాసుకున్న పట్టిక. ముందు గ్రామసభలో కూర్చుని ఒప్పుకుని, తర్వాత ఫోన్లో అందరికీ కనపడేలా పెట్టినది. పాత ఫోటోల కింద దండాల కంటే కమిటీ ముందు ఆ కాగితం బరువెక్కువ. అందులో మొదటి గడి విత్తనానిదే కావాలి. ఎకరం నాటడానికి మూడు నాలుగు టన్నుల ముచ్చెలు (నాటే గడ ముక్కలు) కావాలి. చెరుకే లేని ఊళ్లలో అవి ఎక్కడ దొరుకుతాయి? రుద్రూర్ పరిశోధన కేంద్రం నుంచి తెచ్చి, రెండు మూడు ఊళ్లలో ముందు ఏడాది విత్తన మళ్లు పెంచుకోవాలి. ఆ మళ్లకు ఎవరి పొలం ఇస్తారు, ఆ ఏడాది ఆ రైతుకు వరి పోయిన నష్టం ఎవరు పూడుస్తారు అన్నది తేల్చాకే పట్టికలో రెండో గడి.